పాత బెంజ్‌లో కంపెనీ రేడియో తీసేసి కొత్తది పెట్టించుకోవాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండి. నాన్నగారు వాడిన 1996 మెర్సిడెస్ ఈ220, అంటే డబ్ల్యూ124 మోడల్. అందులో కంపెనీ బెకర్ క్యాసెట్ రేడియో ఉంది. ఎఫ్‌ఎం వస్తోంది గానీ కుడిపక్కే మోగుతోంది, క్యాసెట్ తిరగడం లేదు. మీకేమో ఫోన్లోంచి పాటలు కావాలి, కాల్స్ మాట్లాడుకోవాలి. షాపువాళ్లు చెక్క ప్యానెల్ "కొద్దిగా" కోసి 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెడతామన్నారు. పెట్టించుకోవచ్చా అని.

వద్దండి. రేడియో మార్చుకోండి, తప్పేం లేదు, కానీ చెక్క కోయొద్దు, కారు వైరు ఒక్కటి కూడా కోయొద్దు. ఈ రెండూ చేయకుండా మీకు కావాల్సినవన్నీ వస్తాయి. నన్నడిగితే బెకర్‌ని ఉన్నచోటే ఉంచి, సీటు కింద బ్లూటూత్ ఉన్న చిన్న యాంప్లిఫయర్ ఒకటి దాచి పెట్టడం మంచిది. అది కుదరకపోతే అదే సైజులో, పాతకాలం రూపంలో వచ్చే కొత్త సెట్ పెట్టుకోండి, బెకర్‌ని బబుల్ ర్యాప్ చుట్టి అల్మరాలో దాచండి. ఎలాగో, ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను, కొంచెం పొడుగే అవుతుంది.

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా కార్ల కరెంటు పనీ, ఆడియో పనీ చేస్తున్నాను. పాత బెంజ్‌లు, ఒకటి రెండు జాగ్వార్లు, ఒక ఇంపాలా నా చేతి మీదుగా వెళ్లాయి. మీది మన దేశంలో తయారైన మొదటి బెంజ్ కారు మోడల్. 1995లో పుణేలో టెల్కో (తర్వాత టాటా మోటార్స్ అయింది) ప్రాంగణంలో డబ్ల్యూ124 అసెంబ్లీతోనే వాళ్లు ఇక్కడ మొదలుపెట్టారు. అందుకే ఇప్పుడు ఒరిజినల్‌గా మిగిలినవాటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. వాళ్లు తలుపు తీయగానే చూసేది ఓడోమీటర్ కాదు, డ్యాష్‌బోర్డు మధ్య భాగం.

ఆండ్రాయిడ్ స్క్రీన్ ఎందుకొద్దంటున్నానో ఒక కారు సంగతి చెబితే తెలుస్తుంది. నాలుగేళ్ల కిందట ఒకాయన తన డబ్ల్యూ124 తెచ్చారు, అప్పటికే వేరే షాపులో కోత అయిపోయింది. ఆ ప్యానెల్ మీద ఉండేది అసలు చెక్క పలుచటి పొర, దాని మీద లక్క. గ్రైండర్ వేడికి ఆ లక్క చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు వేసింది, ఎండాకాలం తిరిగేసరికి పగుళ్లు మూలలదాకా పాకాయి. స్క్రీన్ ఏమో మూడో ఏడాదికే టచ్ పనిచేయడం మానేసింది. పాతది పెట్టేద్దామంటే కోసిన రంధ్రంలో బెకర్ నిలబడదు. మరో ప్యానెల్ తెప్పిద్దామంటే గేర్ పక్కనున్న చెక్కకీ, దీనికీ ఛాయ కలవదు, సెట్టంతా మార్చాలి. చివరికి కారు అమ్మేటప్పుడు కొనేవాడు ఆ ఒక్క రంధ్రం చూపించే గంటసేపు బేరమాడాడు. కోయకుండా సింగిల్ సైజు (బెకర్‌లాంటి సన్నటి రేడియో కొలత) సెట్‌కి ముందు తేలే స్క్రీన్ తగిలించేవి కూడా వస్తున్నాయి, అవి ఈ కారులో పైకి లేచి ఏసీ బటన్లను కప్పేస్తాయి. వేసవిలో ఏసీ తగ్గించాలంటే స్క్రీన్ వెనక్కి వేలు దూర్చాలి.

ఇక అసలు పనికి ముందు ఒక ప్రశ్న. మీ బెకర్ నిజంగా పాడైందా? కుడివైపే మోగుతోందంటే తప్పు రేడియోదే కానక్కర్లేదు. నా దగ్గరికి "రేడియో పోయింది" అని వచ్చిన పాత కార్లలో చాలావాటికి పోయింది స్పీకరో, ఫ్యూజో, ఏదో కప్లరో (వైర్లు కలిపే ప్లగ్గు). ఆ కాలం బెంజ్‌లలో ఫ్యూజులు తూటా ఆకారంలో ఉంటాయి, రెండు ఇత్తడి రేకుల మధ్య ఇరికించి. ఏళ్ల తరబడి కదలకపోతే కొసల్లో తెల్లటి బూజులాంటి పొర పట్టి కరెంటు సరిగ్గా పోదు. ఫ్యూజు మాడకపోయినా సరే, వేలితో దాన్ని ఉన్నచోటే నాలుగైదుసార్లు గుండ్రంగా తిప్పండి, చిన్న కిర్రుమనే చప్పుడు వస్తుంది, అదే ఆ పొర రాలుతున్న చప్పుడు. ఇలా తిప్పి వదిలేస్తే బాగైపోయిన రేడియోలున్నాయి, డబ్బులు అడగడానికి నాకే మొహం చెల్లలేదు.

మీ విషయంలో ముందు బ్యాలెన్స్ నాబ్ చూడండి, నవ్వకండి, అదొక్కటే తప్పైన కేసులు నాకు రెండున్నాయి. తర్వాత రేడియో బయటికి తీసి ఎడమ స్పీకర్ వైర్లకి ఒక పెన్సిల్ సెల్ అర సెకను తాకించండి. స్పీకర్ బతికుంటే "టక్" అంటుంది. మల్టీమీటర్ ఉంటే ఓమ్స్‌లో పెట్టి చూడండి, 4 ఓమ్‌ల స్పీకర్‌కి 3.2 నుంచి 3.8 మధ్య చూపించాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది, సున్నా చూపిస్తే వైరు ఎక్కడో కలిసిపోయింది. ఈ కార్లలో ముందు స్పీకర్లు డ్యాష్‌బోర్డు మీద అద్దం మూలల్లో ఉంటాయి, ముప్పై ఏళ్ల ఎండ నేరుగా వాటి నెత్తినే పడింది. వెనక అద్దం కింద షెల్ఫులోవీ అంతే. అట్ట అప్పడంలా విరిగిపోతుంది. స్పీకర్లే పోయుంటే కొత్త రేడియో పెట్టినా కుడివైపే మోగుతుంది, అప్పుడు మీకు డబ్బులు పోయి, షాపువాడికి ఇంకో బేరం దొరుకుతుంది.

క్యాసెట్ తిరగకపోవడానికి కారణం దాదాపుగా బెల్టు. లోపలి రబ్బరు బెల్టులు కాలం గడిచేకొద్దీ కరిగి తారులా పుల్లీకి అంటుకుంటాయి. స్పిరిట్‌తో ఓపిగ్గా తుడిచి, దారంతో చుట్టుకొలత తీసి, ఆ కొలతది వేయాలి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఒక పూట తిరగాలి, అంతే.

బ్యాటరీ తీయకముందు కోడ్ కార్డు వెతకండి. ఇది మొదటి పేరాలోనే రాయాల్సింది. ఆ కాలం బెకర్‌లకి దొంగల భయంతో 5 అంకెల కోడ్ పెట్టారు. బ్యాటరీ తీసినా, రేడియో కప్లర్ పీకినా, తిరిగి పెట్టగానే కోడ్ అడుగుతుంది. వరసగా తప్పులు కొడితే తాళం వేసుకుని చాలాసేపు ఏ బటన్ నొక్కినా పలకదు. కార్డు సాధారణంగా సర్వీస్ బుక్ పౌచ్‌లో ఉంటుంది. నాన్నగారు జాగ్రత్తపరులైతే పాత బీమా కాగితాల మధ్య ఉంటుంది, అక్కడ కూడా చూడండి.

రేడియో బయటికి తీయడానికి స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదోయకండి. ముందు భాగంలో రెండు పక్కలా సన్నటి చీలికలుంటాయి, వాటిలోకి దూర్చే పలుచటి ఇనుప తాళాలు జత ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నేను మొదట్లో పాత ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే పనిముట్టు) ఆకులు అరగదీసి చేసుకున్నాను, ఇప్పటికీ అవే వాడుతున్నాను. రెండూ టిక్కుమనేదాకా లోపలికి నెట్టి, సమానంగా లాగితే సబ్బుబిళ్లలా జారి వస్తుంది.

ఇప్పుడు వైర్ల సంగతి. ఇక్కడే కొంపలు మునుగుతాయి.

మన ఎలక్ట్రీషియన్లందరికీ నల్ల వైరంటే ఎర్త్. జపాన్ కార్లూ, మారుతీలూ చేసి చేసి చేతికి అదే అలవాటు. జర్మన్ కారులో ఎర్త్ గోధుమరంగు. నల్లవైరు చాలాచోట్ల తాళం తిప్పితే కరెంటు వచ్చేది! నేను పని నేర్చుకునే రోజుల్లో, మా ఉస్తాద్ టీకి వెళ్లినప్పుడు, ఒక బెంజ్‌లో కొత్త స్టీరియో నల్లవైరుని కారు నల్లవైరుతో కలిపి నీట్‌గా టేపు చుట్టాను. తాళం తిప్పగానే ఠప్పుమంది. ఫ్యూజు పోయిందంతే, కానీ ఉస్తాద్ వచ్చి ఏమీ అనకుండా నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి రంగు చూసి జాయింటు కొట్టలేదు, ప్రతి వైరూ టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాకే. జర్మన్ కార్ల వైరింగ్ బొమ్మలో నంబర్లుంటాయి, అవి గుర్తుపెట్టుకుంటే చాలు. 30 అంటే ఎప్పుడూ ఉండే కరెంటు, 15 అంటే తాళం తిప్పాక వచ్చేది, 31 ఎర్త్, 58 లైట్లది.

మీ సంవత్సరం కార్లలో రేడియో వెనక సాధారణంగా ఐఎస్ఓ కప్లర్లు, అంటే ప్రామాణిక కొలతవి, ఉంటాయి, ఎనిమిదేసి పిన్నులవి రెండు. ఒకటి కరెంటుకి, ఒకటి స్పీకర్లకి. కరెంటు కప్లర్‌లో 4వ పిన్ను ఎప్పుడూ ఉండే కరెంటు, 5 యాంటెన్నాకి వెళ్లేది, 6 రాత్రి వెలుగుకి, 7 తాళంతో వచ్చేది, 8 ఎర్త్. కొన్ని కార్లలో 4, 7 తారుమారుగా ఉంటాయి కాబట్టి ల్యాంపుతో చూసుకోండి. ఆ కప్లర్‌కి సరిపోయే అడాప్టర్ కొనండి, మహా అయితే ఓ బిర్యానీ ఖర్చు. జాయింట్లన్నీ కొత్త సెట్ వైర్లకీ, ఆ అడాప్టర్‌కీ మధ్యే సోల్డర్ చేసి స్లీవ్ తొడగండి. కారు వైపు కప్లర్‌ని ముట్టుకోవద్దు. రేపు ఎవరైనా బెకర్ కావాలంటే రెండు నిమిషాల్లో పీకి పెట్టొచ్చు.

షాపులో "కప్లర్ దొరకలేదు సార్, కట్ చేసి కలిపేస్తాం" అంటే కారు వెనక్కి తెచ్చేసుకోండి.

4, 7 తారుమారైతే ఏమవుతుందంటే సెట్‌లోని స్టేషన్లు ప్రతిసారీ చెరిగిపోతాయి. అది చిన్న బాధ. అసలు బాధేంటంటే కొందరు బద్ధకించి రెండిటినీ కలిపి ఎప్పుడూ ఉండే కరెంటుకే ఇచ్చేస్తారు. రోజూ తిరిగే కారైతే తెలియదు. మీది ఆదివారం ఆదివారం బయటికి తీసే కారు. లెక్క వేసుకోండి, సెట్ నిద్రపోకుండా 50 మిల్లీ ఆంపియర్లు తాగుతుంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్, 25 రోజులకి 30. మీ బ్యాటరీ 60 చిల్లర ఉంటుందేమో, సగం ఖాళీ. యాంప్లిఫయర్ కూడా నిద్రపోకపోతే అర ఆంపియర్ చొప్పున రోజుకి 12 పోతుంది, ఊరికెళ్లి వారం తర్వాత వస్తే సెల్ఫ్ కొట్టదు. పని అయ్యాక తాళం తీసి, తలుపులు వేసి, బ్యాటరీ నెగెటివ్ వైరుకి మధ్యలో మల్టీమీటర్ పెట్టి చూపించమనండి. అలారంలాంటివి లేని ఇలాంటి కారుకి 30, 40 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు.

స్పీకర్లలో ఇంకో గుంట ఉంది. 1980ల బెంజ్‌లలో ముందు వెనక స్పీకర్ల మధ్య శబ్దం పంచడానికి వేరే చిన్న నాబ్ ఉండేది, రేడియోలో కాకుండా కారులో. వైర్లు అందులోంచి తిరిగి, కొన్ని చోట్ల ఎర్త్ ఉమ్మడిగా పంచుకుంటూ వెళ్లేవి. ఇప్పటి సెట్‌లలో నాలుగు స్పీకర్లకీ నాలుగు జతలు, ఏ వైరూ ఎర్త్‌కి తగలకూడదు, ఒకదానితో ఒకటి కలవకూడదు. ఆ నాబ్ గుండా కొత్త సెట్ కలిపితే పది నిమిషాలు పాడి వేడెక్కి చచ్చిపోతుంది. అలా మాడిన కొత్త సెట్ ఒకటి నా బల్ల కింద ఇంకా ఉంది, "సెట్టే డూప్లికేట్" అని షాపు చెప్పిందట ఆయనకి. మీది ఆ తర్వాతి కారు, అయినా నాలుగు జతలూ విడివిడిగా మీటరుతో ఎర్త్‌కి తగలడం లేదని చూశాకే కలపమనండి.

ఇక ఏం పెట్టాలో చూద్దాం. నేను ఇష్టపడే పద్ధతిలో బెకర్ స్పీకర్ వైర్లు నేరుగా స్పీకర్లకి వెళ్లకుండా సీటు కింద ఉన్న యాంప్లిఫయర్‌కి వెళ్తాయి. రేడియో స్పీకర్ వైర్లనే తీసుకునే ఇన్‌పుట్ ఉన్నదీ, లోపలే బ్లూటూత్ ఉన్నదీ కొనాలి. ఎఫ్‌ఎం పెడితే బెకర్ పాడుతుంది, ఫోన్ కలిస్తే ఫోన్ పాడుతుంది. బయటికి ఏమీ కనిపించదు. యాంప్లిఫయర్‌కి కరెంటు రేడియో వైరు నుంచి లాగొద్దు, బ్యాటరీ నుంచి విడిగా లావు వైరు, బ్యాటరీకి అడుగున్నర లోపలే ఫ్యూజు. కాల్స్ కోసం మైకు ఉండేది చూసి కొనండి, దాన్ని స్టీరింగ్ కాలమ్ మీదో, అద్దం పక్క పిల్లర్‌కో దాచొచ్చు. ఈ పద్ధతిలో ఖర్చు ఎక్కువే, పనికి ఒకటిన్నర రోజు పడుతుంది. అందుకే షాపులవాళ్లు చెప్పరు.

చవకలో కావాలంటే క్యాసెట్ రూపంలో ఉండే బ్లూటూత్ అడాప్టర్లు ఉన్నాయి. బెల్టు బాగైతే పనిచేస్తాయి గానీ, కొన్ని బెకర్‌లు రెండో వైపు తిప్పుకుందామని చూసి, కుదరక దాన్ని బయటికి ఉమ్మేస్తాయి. ఎఫ్‌ఎంలో ప్రసారం చేసే సిగరెట్ లైటర్ బొమ్మలు మాత్రం ఊళ్లో దండగ, ఎఫ్‌ఎం స్టేషన్లు ఇన్ని ఉన్నచోట ఖాళీ దొరకదు.

పూర్తిగా మార్చాలంటే సింగిల్ సైజు, అంటే 182 మి.మీ. వెడల్పు, 53 మి.మీ. ఎత్తు. కాంటినెంటల్ వాళ్ల టీఆర్7412 అని నారింజ వెలుగుది ఒకటుంది, రెండు నాబ్‌లు, సాదా ముఖం, బ్లూటూత్ లోపలే. పాత జర్మన్ కార్లవాళ్లు ప్రపంచమంతటా అదే పెడుతుంటారు. బ్లావ్‌పుంక్ట్ వాళ్ల బ్రేమెన్ ఎస్‌క్యూఆర్ 46 డీఏబీ 1980ల రూపాన్నే మళ్లీ తెచ్చింది, అందంగా ఉంటుంది, ధర మాత్రం చురుక్కుమంటుంది. రంగురంగుల లైట్లు మెరిసే సెట్ మాత్రం వద్దండి, పట్టుచీరకి ప్లాస్టిక్ పూలు కుట్టినట్టుంటుంది.

అమెరికా నుంచి తెప్పిస్తుంటే జాగ్రత్త. ఒకరికి వాళ్ల బావగారు డల్లాస్ నుంచి సెట్ మోసుకొచ్చారు. అక్కడి రేడియోలు ఎఫ్‌ఎంలో 0.2 చొప్పున, 102.7, 102.9 ఇలా బేసి అంకెల మీదే గంతులేస్తాయి. హైదరాబాద్ వివిధ భారతి 102.8. పాత పాటలు వినడానికే సెట్ కొన్నాయనకి వివిధ భారతి గరగరమంటూ వచ్చింది. మెనూలో ప్రాంతం మార్చుకునే సదుపాయం ఉంటే చిటికెలో పని, ఆయన దాంట్లో లేదు. జపాన్‌లో అమ్మే సెట్‌లైతే ఇంకా కష్టం, అక్కడి పాత రేడియోలు 76 నుంచి 90 దాకానే వింటాయి.

యాంటెన్నా గురించి రెండు ముక్కలు. మీ కారు వెనక ఫెండర్‌లో మోటారు యాంటెన్నా ఉంటుంది. దానికి వెళ్లే 5వ పిన్ను వైరు "లే" అని చెప్పడానికే, మోటారు కరెంటు దానికి వేరేగా ఉంటుంది. కొత్త సెట్‌లో నీలం వైరు రెండు రకాలుంటాయి, ఒకటి యాంటెన్నాకి, తెల్ల గీత ఉన్నది యాంప్లిఫయర్‌కి. తెల్ల గీతది యాంటెన్నాకి ఇస్తే మీరు ఫోన్లో పాట వింటున్నా యాంటెన్నా నిలబడే ఉంటుంది, కమాన్ కింద నుంచి వెళ్లేటప్పుడు తెలుస్తుంది. లేవకుండా లోపల గరగరమంటుంటే పళ్లున్న నైలాన్ తాడు తెగింది, మోటారు మార్చక్కర్లేదు, కాడ మాత్రం మార్చుకుంటే చాలు.

ఇంజిన్ రేస్ చేస్తే స్పీకర్లలో సన్నగా ఈల పెరుగుతూ వినిపిస్తే అది ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) గోల. సెట్‌కీ, యాంప్లిఫయర్‌కీ వేరువేరు చోట్ల ఎర్త్ ఇస్తే ఇలా వస్తుంది. ఫిల్టర్ కొనే ముందు రెండు ఎర్త్‌లూ ఒకే బోల్టుకి, కింద పెయింటు గీకి, బిగించి చూడండి.

ఇది చదివే వేరేవాళ్ల కోసం ఒక మాట. మీ ఇంట్లో ఉన్నది 1960ల నాటి జాగ్వార్‌లాంటి బ్రిటిష్ కారైతే ఇందులో చాలావరకు మీకు పనికిరాదు. వాటిలో చాలా కార్లకి బాడీకి కలిపింది బ్యాటరీ పాజిటివ్. కొత్త రేడియో డబ్బా డ్యాష్‌బోర్డు ఇనుముకి తగిలిన క్షణం అయిపోతుంది. బ్యాటరీ దగ్గర ఏ వైరు బాడీకి వెళ్తోందో చూడకుండా సెట్ బయటికి కూడా తీయొద్దు.

మీకు మళ్లీ. 1990ల మొదట్లో, మధ్యలో వచ్చిన చాలా బెంజ్‌లకి ఇంజిన్ వైరింగ్ పైతొడుగు బిస్కెట్‌లా పొడైపోయే జబ్బుంది. బానెట్ ఎత్తి ఇంజిన్ పక్క ఒక వైరు మెల్లగా వంచి చూడండి. పెంకులు రాలితే రేడియో డబ్బులు ముందు అటు పెట్టండి, పాటలు ఆర్నెల్లు ఆగినా పర్లేదు.

అంతా బాగుంటే బెకర్ ముందు భాగంలో బీఈ అక్షరాల తర్వాత నాలుగంకెల నంబర్ చిన్నగా రాసుంటుంది, అదీ, వెనక కప్లర్ల ఫొటో ఒకటీ పెట్టండి. ఏ అడాప్టర్ కావాలో చెప్తాను. ఫొటో కోసం కప్లర్ పీకాల్సి వస్తుంది కాబట్టి ఆ కోడ్ కార్డు చేతికొచ్చాకే రేడియో బయటికి లాగండి.